చైనా యూనివర్సిటీలో మన అధ్యాపకుడి రోజులు ఎలా గడుస్తాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు గుంటూరు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో చేస్తున్నారు, పీహెచ్‌డీ అయింది, నాన్‌జింగ్‌లోని ఒక యూనివర్సిటీ నుంచి కంప్యూటర్ సబ్జెక్టులు ఇంగ్లిషులో చెప్పడానికి ఆఫర్ వచ్చింది. మీది శాకాహారం. భార్యనూ, ఒకటో తరగతి చదివే పాపనూ వెంట తీసుకెళ్లాలని ఉంది. అక్కడ రోజు ఎలా గడుస్తుంది, విద్యార్థులు ఎలా ఉంటారు, చైనీస్ రాకుండా నెట్టుకురాగలమా, రెండు దేశాల మధ్య గొడవలు మన మీద పడతాయా అని అడిగారు. నేను అదే ఊళ్లో, మీరు చేయబోయే పనే కొన్నేళ్లుగా చేస్తున్నాను కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. చైనా యూనివర్సిటీలో విదేశీ అధ్యాపకుడికి గౌరవం మొదటి రోజే దొరుకుతుంది. ఇల్లు చూపిస్తారు, విందుకు పిలుస్తారు, సామాను మోయడానికి విద్యార్థులను పంపిస్తారు. డిపార్ట్‌మెంట్ మీటింగులకు రానక్కర్లేదంటారు, కమిటీల్లో వేయరు. అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగడం, కాలేజీకి గ్రేడ్ ఇచ్చే నాక్ సంస్థ కోసం ఫైళ్లు తయారుచేయడం చూసి వెళ్లిన మనకు అది ఎంతో హాయిగా ఉంటుంది. కానీ ఆ మర్యాదే మనల్ని గుమ్మం బయట నిలబెడుతుంది. మీటింగుకు పిలవని మనిషికి కబురు కూడా ఆఖర్నే తెలుస్తుంది. మధ్యలో వదిలేసి వెళ్లిపోయిన వాళ్లను చూశాను. వాళ్లలో ఎక్కువమంది తిండి పడక వెళ్లినవాళ్లు కాదు, భాష రాక వెళ్లినవాళ్లూ కాదు. ఎన్నాళ్లయినా తాము అక్కడ చుట్టాలే అన్న దిగులు పెట్టుకుని వెళ్లారు. నిలదొక్కుకున్న వాళ్లంతా ఏదో ఒక దారిలో అక్కడి దినచర్యలో కలిసిపోయినవాళ్లే. మీరు కూడా మొదటి నెల నుంచే ఆ ప్రయత్నం చేయాలని నా గట్టి అభిప్రాయం.

కాగితాల సంగతి త్వరగా ముగిస్తాను. ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు ఇచ్చే జెడ్ వీసా మీద వెళ్తారు. దానికి ముందు యూనివర్సిటీ మీ పేరు మీద వర్క్ పర్మిట్ నోటిఫికేషన్ తెప్పిస్తుంది. డిగ్రీలకూ, పాస్‌పోర్ట్ ఆఫీసు ఇచ్చే పోలీస్ క్లియరెన్స్‌కూ ధ్రువీకరణలు కావాలి. భార్యాపిల్లలకు వీసా కావాలంటే పెళ్లి సర్టిఫికెట్, పాప బర్త్ సర్టిఫికెట్ కూడా అదే దారిలో నడవాలి. వాటిని ఇప్పుడే మొదలుపెట్టండి, ఆలస్యమంతా అక్కడే. దిగిన 24 గంటల్లో పోలీసుల దగ్గర చిరునామా నమోదు, 30 రోజుల్లోపు రెసిడెన్స్ పర్మిట్‌కు దరఖాస్తు, మధ్యలో వైద్య పరీక్ష. వీటన్నిటికీ యూనివర్సిటీలో విదేశీ వ్యవహారాల ఆఫీసు ఉంటుంది, అందరూ దాన్ని వైబాన్ అంటారు. మీ వెంట అక్కడి మనిషి ఒకరు వస్తారు.

ఇందులో మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా, పీహెచ్‌డీ పట్టా మీద చివర్లో. చైనాలో సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా, వీచాట్ (అక్కడి వాట్సాప్ లాంటి యాప్, డబ్బు కూడా దాంతోనే కడతారు) చెల్లింపులు, రైలు టికెట్లు అన్నీ పాస్‌పోర్ట్ పేరుతో ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. బ్యాంకులో ఒక వరసలో, ఫోన్ కంపెనీలో మరో వరసలో పేరు ఎక్కిందంటే ఫోన్‌తో టీ కూడా కొనుక్కోలేరు, వెరిఫికేషన్ ఫెయిల్ అని వస్తుంది. బ్యాంకు కౌంటర్లో అమ్మాయి పేరు టైప్ చేస్తున్నప్పుడు స్క్రీన్ మీ వైపు తిప్పించుకుని, పాస్‌పోర్ట్ అడుగున రెండు లైన్లలో ఉండే పేరుతో అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఖాళీ ఎక్కడ పెట్టారో కూడా చూడండి. ఆ కాసేపు మొహమాటపడకండి.

ఇక రోజు. యూనివర్సిటీ అంటే చుట్టూ గోడ, గేట్ల దగ్గర కాపలా, లోపల ఒక చిన్న ఊరు. హాస్టళ్లు, క్యాంటీన్లు, ఆస్పత్రి, సూపర్ మార్కెట్, పార్సిళ్లు తీసుకునే చోటు అన్నీ అందులోనే. నాన్‌జింగ్‌లో చాలా యూనివర్సిటీల కొత్త క్యాంపస్‌లు షియన్‌లిన్‌లోనో, జియాంగ్‌నింగ్‌లోనో ఉన్నాయి. ఊరి మధ్యకు మెట్రోలో వెళ్లాలి. మీ ఇల్లు క్యాంపస్ లోపల ఇస్తారో బయట ఇస్తారో అడిగి తెలుసుకోండి. మొదటి ఏడాది లోపలే ఉండటం మంచిది.

మొదటి క్లాసు చాలాచోట్ల 8 గంటలకే. అంతకు ముందే చెట్ల కింద, మెట్ల మీద పిల్లలు పుస్తకం పట్టుకుని పైకి చదువుతూ కనిపిస్తారు. 45 నిమిషాల పీరియడ్లు రెండేసి కలిపి ఉంటాయి, మధ్యలో విరామం. పదకొండున్నర దాటితే క్యాంటీన్ల వైపు జనం నడక మొదలవుతుంది. తిన్నాక నిద్ర. ఇది తప్పనిసరి అన్నంత నిజం. ఆఫీసుల్లో లైట్లు ఆర్పేస్తారు, బీరువా వెనక నుంచి మడత మంచాలు బయటికి వస్తాయి, లైబ్రరీలో పిల్లలు బల్లల మీద తల వాల్చేస్తారు. మధ్యాహ్నం 12 నుంచి ఒకటిన్నర, రెండు దాకా ఎవరికీ ఫోన్ చేయకండి, తలుపు తట్టకండి. సాయంత్రం 5 గంటలకే భోజనం, ఆ తర్వాత మళ్లీ క్లాసులు కూడా ఉండొచ్చు. రాత్రి తొమ్మిదికి తినే అలవాటుతో వెళ్తే క్యాంటీన్ మూసేసి ఉంటుంది. మీ కడుపు గడియారాన్ని వాళ్ల వేళలకు మార్చుకున్న రోజు నుంచి సగం ఇబ్బందులు తీరిపోతాయి.

తేదీలు కూడా వేరే లెక్క. సెమిస్టర్‌ను వారాల సంఖ్యతో చెబుతారు. ఏడో వారం పరీక్ష, పదో వారం ఆటల పోటీలు అంటారు, అక్టోబర్ ఎన్నో తేదీ అని ఎవరూ అనరు. గోడకు ఆ క్యాలెండర్ ఒకటి తగిలించుకోండి. సెప్టెంబర్ మొదట్లో చదువు మొదలు, కొత్తగా చేరినవాళ్లకు ముందు సైనిక శిక్షణ. అక్టోబర్ 1 నుంచి జాతీయ దినోత్సవ సెలవులు. అయితే ఆ సెలవుల్లో కొన్ని రోజులకు బదులుగా దగ్గర్లోని ఏ శనివారమో ఆదివారమో పనిదినం అవుతుంది, ఆ రోజు ఏ వారపు పాఠం చెప్పాలో సర్క్యులర్ వస్తుంది. జనవరిలో పరీక్షలు, ఆపైన చైనా కొత్త సంవత్సరానికి దీర్ఘ సెలవులు. సంక్రాంతి సరిగ్గా పేపర్లు దిద్దే వేళకు వస్తుంది కాబట్టి భోగి మంటకు ఇంటికి చేరడం కష్టమని ఇంట్లో ఇప్పుడే చెప్పేయండి. ఉగాది నాడు క్లాసు ఉంటుంది. దసరా మాత్రం కొన్నిసార్లు అక్టోబర్ సెలవుల్లో కలిసివస్తుంది.

తిండి గురించి మీరు ఎక్కువ భయపడుతున్నారు, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను. మాంసం ముక్క లేకుండా తినడం సాధ్యమే. కూర మాంసం తగలకుండా వండారా అని పట్టించుకుంటే మాత్రం బయట తినడం కష్టం. బీన్స్ వేపుడులో పంది మాంసం తురుము ఉంటుంది. ఆకుకూరను పంది కొవ్వుతో తిరగమోత పెట్టే వంటవాళ్లున్నారు. సూప్ అంటే ఎముకల సూపే. మీరు మాంసం వద్దంటే వాళ్లు ముక్కలు తీసి పక్కన పెట్టి అదే ఇస్తారు, మనసులో ఏ దురుద్దేశమూ ఉండదు. 'నేను శాకాహారిని' అనడానికి 'వో చ్ర్ సూ' అంటారు, దాంతో పాటు కోడి, గుడ్డు, చేప, ఎముకల రసం, పంది కొవ్వు వీటిలో మీరు ఏవేవి తినరో చైనీస్‌లో రాయించి ఫోన్‌లో పెట్టుకోండి. గుడ్డు తింటే మీ బతుకు సుఖం. టమాటా, గుడ్డు కలిపి చేసే కూర ప్రతి క్యాంటీన్‌లో ప్రతి పూటా ఉంటుంది. బంగాళాదుంప సన్నగా తరిగి వెనిగర్‌తో వేపింది, వంకాయ, టోఫూ, పాలకూర, మొక్కజొన్న, చిలగడదుంప ఎప్పుడూ దొరుకుతాయి. చాలా క్యాంపస్‌లలో ముస్లింల కోసం విడిగా హలాల్ క్యాంటీన్ ఉంటుంది. అక్కడ పంది కొవ్వు వాడరు కాబట్టి నాకు తెలిసిన శాకాహారులంతా ముందు అక్కడికే వెళ్తారు. మాలాతాంగ్ దుకాణంలో మనం గిన్నె పట్టుకుని కావలసిన కూరలు మనమే ఏరుకోవచ్చు, తూకం వేసి వండి ఇస్తారు. కాకపోతే ఉడికించే నీళ్లు అందరికీ అవే.

నాన్‌జింగ్ వంట చప్పన, కొంచెం తీపి. బాతు మాంసానికి పేరుపడిన ఊరు. కారం కావాలంటే సిచువాన్, హునాన్ హోటళ్లు వెతుక్కోవాలి. మీ గుంటూరు తేజ మిర్చిని పెద్ద ఎత్తున కొనేది చైనానే, కానీ ఆ కారం ఈ ఊరి వంటల్లో కనిపించదు. ఇంట్లో వండుకోవడానికి లోటు లేదు. తావోబావో యాప్‌లో కందిపప్పు, ఇంగువ, ఆవాలు, బాస్మతి బియ్యం అన్నీ తెప్పించుకోవచ్చు. పెసలు, వేరుశనగలు, కొత్తిమీర, పచ్చిమిర్చి పక్క మార్కెట్లో దొరుకుతాయి. పెరుగు ఎక్కువగా తియ్యగా అమ్ముతారు, చక్కెర లేనిది చూసి కొని దాంతో ఇంట్లో తోడు పెట్టుకోండి. ఒక చిన్న ప్రెషర్ కుక్కరు, ఆవకాయ, చింతపండు తెచ్చుకుంటే చాలు, మిగతా సూట్‌కేసులో బట్టలు సర్దుకోండి.

కానీ ఇంటి వంట రుచి మరిగి మధ్యాహ్నం కూడా ఇంటికే పరుగెత్తకండి. ఇదే నేను మొదట చెప్పిన విషయం. డిపార్ట్‌మెంట్‌లో జరిగేవన్నీ బయటపడేది పదకొండున్నరకు క్యాంటీన్ బల్ల దగ్గరే. వచ్చే వారం పైనుంచి తనిఖీ ఉందట, ఫలానా కోర్సు వచ్చే టర్మ్‌లో ఉండదట, జీతాల తేదీ మారిందట, ఇవన్నీ మీకు ఈమెయిల్‌లో రావు. ఇద్దరు ముగ్గురు సహోద్యోగులతో వారానికి రెండు మూడు రోజులైనా కలిసి తినండి. వాళ్లు చైనీస్‌లోనే మాట్లాడుకుంటారు, మధ్యలో ఒకరు మీకు ఇంగ్లిషులో చెబుతారు. మొదట్లో ఏమీ అర్థం కాకపోయినా కూర్చోండి. ఉద్యోగుల సంఘం పండగలకు బియ్యం, నూనె, పళ్లు పంచుతుంది, బ్యాడ్మింటన్, టేబుల్ టెన్నిస్ పోటీలు పెడుతుంది. వాటిలో పేరు ఇవ్వండి. ఆటకు భాష అక్కర్లేదు, ఆట తర్వాత మిమ్మల్ని చూసే చూపు మారుతుంది.

ఇప్పుడు క్లాసు. మీకు అన్నిటికంటే కష్టమనిపించేది నిశ్శబ్దం. చక్కగా చెప్పి 'డౌట్లేమైనా ఉన్నాయా' అంటే తలలన్నీ వంగిపోతాయి. మన పిల్లల్లా వెనక బెంచీ నుంచి ఒక్క జోకు కూడా రాదు. పాఠం బాగోలేదేమో అని టెన్షన్ పడతారు. విరామం బెల్లు కొట్టగానే చూడండి, నలుగురైదుగురు ఫోన్లో అనువాదం యాప్ తెరుచుకుని మీ టేబుల్ దగ్గరికి వస్తారు. వాళ్లు అడిగేవి మంచి ప్రశ్నలు. అంటే డౌట్లు లేక కాదు, నలుగురి ముందు తప్పు ఇంగ్లిషు మాట్లాడటం ఇష్టం లేక. ఏటా జూన్ 7న మొదలయ్యే గావ్‌కావ్ అనే ప్రవేశ పరీక్ష కోసం మూడేళ్లు పొద్దున్నుంచి రాత్రి దాకా చదివిన పిల్లలు వీళ్లు. మన కార్పొరేట్ కాలేజీల ఇంటర్ చూసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. చదివి అర్థం చేసుకోవడం, రాయడం బాగానే వస్తుంది. నోరు విప్పి మాట్లాడే అవకాశమే ఎవరూ ఇవ్వలేదు.

నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను. డేటాను గడుల్లో దాచే హ్యాష్ టేబుల్ పాఠం అనుకోండి. 'రెండు కీలు ఒకే గడిలో పడితే ఏం చేస్తారు' అని స్లయిడ్ మీద రాసి పెడతాను. నోటితో చెప్పి వదిలేయను, రాతలో కనిపించాలి. పక్కవాళ్లతో మీ భాషలోనే రెండు నిమిషాలు మాట్లాడుకోండి అంటాను. గది ఒక్కసారిగా హోరెత్తుతుంది. తర్వాత ఒక బెంచీ దగ్గరికి వెళ్లి, 'మీ ఇద్దరూ ఏమనుకున్నారు' అని అడుగుతాను. అది తన ఒక్కడి జవాబు కాదు కాబట్టి లేచి చెబుతాడు. ఇంగ్లిషు ఆగిపోతే బోర్డు మీద బొమ్మ గీయమంటాను. బాణాలతో గొలుసు గీసేసి కూర్చుంటాడు, మిగతా వాళ్లు దాన్ని చూసి ఫొటో తీసుకుంటారు. ఇలా కొన్ని వారాలు జరిగాక చేతులు వాటంతటవే లేస్తాయి. రెయిన్ క్లాస్‌రూమ్ అని పవర్‌పాయింట్‌కు తగిలించే టూల్ ఒకటుంది, వీచాట్‌తో నడుస్తుంది. పిల్లలు ఫోన్‌లోనే జవాబు నొక్కుతారు, ఎంతమందికి అర్థమైందో మీకు వెంటనే తెలిసిపోతుంది. అది నేర్చుకోండి.

పేర్లు నేర్చుకోవడం మీద కూడా కష్టపడండి. వాళ్లకు ఇంగ్లిషు పేర్లు ఉంటాయి, వాటితో పిలిస్తే పని జరిగిపోతుంది. అయినా అసలు పేరుతో, ఉచ్చారణ కుదిరినంత సరిగ్గా పిలిస్తే ఆ పిల్లాడు మిమ్మల్ని చూసే తీరే వేరుగా ఉంటుంది. ప్రతి సెక్షన్‌కూ బాన్‌జాంగ్ అని ఒక లీడర్ ఉంటాడు, చదువు వ్యవహారాలు చూసే ఇంకో విద్యార్థి ప్రతినిధి ఉంటాడు. గది మారినా, సెలవు ప్రకటించినా, ప్రొజెక్టర్ పాడైనా ముందు తెలిసేది వీళ్లకే. మొదటి రోజే వాళ్లను వీచాట్‌లో కలుపుకోండి. హాజరు తగ్గినా, ఎవరైనా పిల్లవాడు దిగులుగా కనిపించినా ఫూదావ్‌యుయెన్ అనే కౌన్సెలర్‌కు చెప్పాలి. పిల్లల హాస్టల్, ఇల్లు, ఆరోగ్యం వరకు ఆయనదే బాధ్యత. ఈ వ్యవస్థ మన దగ్గరా ఉంటే బాగుండునని చాలాసార్లు అనిపించింది.

కంప్యూటర్ సబ్జెక్టులు కాబట్టి ఇంకో ముఖ్యమైన విషయం. గూగుల్ వాళ్ల ఆన్‌లైన్ ప్రోగ్రామింగ్ సైట్ కొలాబ్ మీద ల్యాబులు ప్లాన్ చేసుకుని రావద్దు, తెరుచుకోదు. యూట్యూబ్ వీడియో లింకులున్న స్లయిడ్లూ అంతే. కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్ ఒక రోజు బాగా వస్తుంది, మరో రోజు వేలాడుతుంది. పైథాన్ ప్యాకేజీలను షింఘువా యూనివర్సిటీ నడిపే మిర్రర్ (నకలు సర్వర్) నుంచి దించుకునేలా మొదటి ల్యాబ్‌లోనే అందరి చేతా సెట్ చేయించండి. డేటా ఫైళ్లు ముందే మీ పెన్‌డ్రైవ్‌లో ఉండాలి. పిల్లలు మీరు చెప్పే టాపిక్ మీద బిలిబిలి అనే చైనా వీడియో సైట్‌లో చైనీస్ వీడియో చూసి వస్తారు. దాన్ని తప్పు పట్టకండి, ఏ వీడియో బాగుందో వాళ్లనే అడిగి క్లాసు గ్రూపులో పెట్టించండి.

పరీక్షల కాగితం పని చాలా ఉంటుంది, ఇందులో విదేశీయులకు మినహాయింపు తక్కువ. ప్రశ్నపత్రం ఏ, బీ అని రెండు సెట్లు, రెండింటికీ మార్కుల విభజనతో జవాబులు. ఎర్ర పెన్నుతో దిద్దాలి, ప్రతి ప్రశ్నకూ మార్కులు విడిగా వేయాలి, దిద్దిన అంకెను కొట్టేస్తే పక్కన సంతకం పెట్టాలి. ఆపైన ఎంతమందికి ఎన్ని మార్కులు వచ్చాయి, ఏ ప్రశ్నలో ఎందుకు తప్పారు అని విశ్లేషణ పత్రం. అన్నీ కలిపి సంచిలో పెట్టి అప్పగించాలి. తర్వాత ఎప్పుడో మూల్యాంకనానికి వచ్చే నిపుణులు ఆ సంచులే తెరిపిస్తారు, అందుకే ఆఫీసువాళ్లు అంత పట్టుబడతారు. తప్పినవాళ్లకు తర్వాతి టర్మ్ మొదట్లో మరోసారి పరీక్ష ఉంటుంది. మార్కులు కలపమని వీచాట్‌లో రాత్రిపూట వచ్చే వేడుకోళ్లకు ఒకే జవాబు ఇవ్వండి: పేపరు చూపిస్తాను, కూడికలో తప్పుంటే సరిచేస్తాను. సెమిస్టర్ మధ్యలో ఒక రోజు వెనక వరసలో నెరిసిన జుట్టు ప్రొఫెసర్ ఒకరు నోట్‌బుక్‌తో కూర్చుని కనిపిస్తారు. ఆయన దూదావ్, బోధనను పరిశీలించే పెద్దమనిషి. చాలామంది రిటైరైన మంచి టీచర్లు. క్లాసయ్యాక ఆయన దగ్గరికి మీరే వెళ్లి ఏమనిపించిందో అడగండి. నాకు బోర్డు పని నేర్పింది అలాంటి ఒక పెద్దాయనే.

ఇంటికి ఫోన్ చేయడం ఒక సమస్య, దీన్ని ఇక్కడే తేల్చుకుని వెళ్లండి. వాట్సాప్ చైనాలో పనిచేయదు. వీచాట్‌ను మన ప్రభుత్వం 2020 జూన్‌లో నిషేధించింది. అంటే అక్కడ అందరి చేతిలో ఉన్నది ఇక్కడ లేదు, ఇక్కడ అందరి చేతిలో ఉన్నది అక్కడ లేదు. ఇద్దరి దగ్గరా ఐఫోన్ ఉంటే ఫేస్‌టైమ్ పనిచేస్తుంది. లేకపోతే మీ ఇండియా సిమ్‌ను రోమింగ్‌తో బతికించి ఉంచండి, రోమింగ్ డేటా మన నెట్‌వర్క్ గుండా పోతుంది కాబట్టి దాని మీద వాట్సాప్ వస్తుంది. బ్యాంకు ఓటీపీలకూ ఆ సిమ్ కావాలి. చైనా అంతటా ఒకటే టైము, మనకంటే రెండున్నర గంటలు ముందు. మీకు రాత్రి ఎనిమిదిన్నర అంటే గుంటూరులో సాయంత్రం ఆరు, అమ్మానాన్నలతో మాట్లాడటానికి అదే వీలైన వేళ.

ఇక భారత్, చైనా గొడవల సంగతి. 2020 తర్వాత వీసాలు, విమానాలు చాలా దెబ్బతిన్నాయి, నేరుగా వెళ్లే విమానాలు 2025 అక్టోబర్ చివర్లో కోల్‌కతా, గ్వాంగ్‌జౌ మధ్య మళ్లీ మొదలయ్యాయి. హైదరాబాద్ నుంచి హాంకాంగ్, బ్యాంకాక్, సింగపూర్, కౌలాలంపూర్ మీదుగా వెళ్లేవాళ్లు ఎక్కువ. క్యాంపస్‌లో మనిషికి మనిషి ఎదురైనప్పుడు మాత్రం ఆ చేదు నాకు తగల్లేదు. టాక్సీ డ్రైవర్లు ఆమిర్ ఖాన్ గురించి మాట్లాడతారు, పెద్దవాళ్లు జపాన్‌తో యుద్ధకాలంలో చైనాలో వైద్యం చేసిన మన డాక్టర్ కోట్నిస్‌ను తలుచుకుంటారు. మీ వైపు నుంచి పాటించాల్సింది ఒకటుంది. స్లయిడ్లలో భారతదేశ పటం గానీ, చైనా పటం గానీ పెట్టకండి. మన చట్టం ప్రకారం సరైన పటం అక్కడ తప్పు, అక్కడి పటం మనకు తప్పు. గ్రాఫ్ అల్గారిథమ్‌కు ఊళ్ల పటమే కావాలంటే నాన్‌జింగ్ మెట్రో మ్యాప్ వాడండి, పిల్లలకు బాగా తెలిసిందే. సరిహద్దు, తైవాన్, మతం, పార్టీ రాజకీయాలు క్లాసులోకి తేవద్దు. ఎవరైనా అడిగినా, నేను చెప్పే సబ్జెక్టు అది కాదు అని చెప్పి వదిలేయండి.

డిసెంబర్ 13 గురించి ముందే తెలుసుకుని వెళ్లండి. 1937లో జపాన్ సైన్యం ఈ ఊరిని పట్టుకుని సాగించిన మారణకాండకు అది స్మారక దినం, 2014 నుంచి జాతీయస్థాయిలో జరుపుతున్నారు. ఆ ఉదయం 10 గంటల 1 నిమిషానికి ఊరంతా సైరన్లు మోగుతాయి. రోడ్ల మీద కార్లు ఆగి హారన్ కొడతాయి, నడిచేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోతారు. మీరు పాఠం మధ్యలో ఉంటే చాక్‌పీస్ కింద పెట్టి వాళ్లతో పాటు నిలబడండి. కాసేపటికి సైరన్ ఆగుతుంది, అందరూ కూర్చుంటారు, మీరు ఆపిన చోటు నుంచి మొదలుపెట్టవచ్చు. ఆ రోజు పుట్టినరోజు పార్టీలు, సరదా పోస్టులు వద్దు.

వాతావరణం విషయంలో చలికాలాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. బీజింగ్ లాంటి ఉత్తరాది ఊళ్లలో ప్రభుత్వమే ఇళ్లకు వేడి అందిస్తుంది. చిన్‌లింగ్ కొండలు, హువాయ్ నది గీతకు దక్షిణాన ఆ సదుపాయం లేదు, నాన్‌జింగ్ ఆ గీత కిందే ఉంది. అందుకే బయట సున్నా డిగ్రీలు ఉన్నప్పుడు క్లాసుగదిలో కూడా కోటు విప్పలేం. ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకుని తిరగడం మీకూ అలవాటైపోతుంది. జూన్, జూలైల్లో ముసురు, బీరువాలో తోలు చెప్పులకు బూజు పడుతుంది. ఆ తర్వాత వేసవి మన కోస్తా ఉక్కపోతకు తీసిపోదు. ఏప్రిల్ చివర్లో రోడ్ల పక్క ప్లేన్ చెట్ల నూగు గాల్లో ఎగురుతుంది, పాపకు అలర్జీ ఉంటే ఆ రోజుల్లో మాస్కు వేయండి.

కుటుంబం గురించి నా సలహా: మొదటి సెమిస్టర్ మీరొక్కరే వెళ్లండి. ఇల్లు, తిండి, స్కూలు చూసుకుని చైనా కొత్త సంవత్సరం సెలవుల తర్వాత వాళ్లను తీసుకురండి. భార్యకు వచ్చే ఎస్1 వీసా మీద ఉద్యోగం చేయడానికి వీలుండదు, ఆమెది ఇక్కడ మంచి ఉద్యోగమైతే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం ఇది. ఇంటర్నేషనల్ స్కూళ్ల ఫీజు లెక్చరర్ జీతానికి మోయలేని భారం. ఒకటో తరగతి పిల్లలు మామూలు చైనీస్ స్కూల్లోనూ కుదురుకుంటారు, ఏడాదిలో మీకంటే బాగా మాట్లాడతారు. కానీ ఒప్పందం ముగిశాక తిరిగి వచ్చి ఇక్కడ చేరాలి కదా, తెలుగు, లెక్కలు, ఇంగ్లిషు ఇంట్లో చెప్పించే బాధ్యత మీ ఇద్దరిదీ. ఆస్పత్రికి పొద్దున్నే వెళ్లాలి. ప్రతి పరీక్షకూ ముందు డబ్బు కట్టి తర్వాత చేయించుకోవాలి, అంతా ఫోన్‌లోనే. మొదటిసారి ఒక విద్యార్థినో సహోద్యోగినో తోడు తీసుకెళ్లండి, సంతోషంగా వస్తారు. మన కాన్సులేట్ షాంఘైలో ఉంది, స్పీడ్ రైల్లో గంటన్నరలోపు వెళ్లిపోవచ్చు. భారతీయ హోటళ్లు, సరుకుల కొట్లు కూడా అక్కడే ఎక్కువ.

చైనీస్ రాకుండా బతకొచ్చా అన్నారు. ఫోన్‌లో అనువాదంతో బతకొచ్చు. కానీ రోజుకు అరగంట నేర్చుకోండి. అంకెలు, కూరల పేర్లు, ఎడమ కుడి, గది నంబరు, 'రేపా, ఎల్లుండా' అని అడగడం వస్తే చాలు, క్యాంటీన్ ఆంటీ దగ్గర నుంచి గేటు కాపలా పెద్దాయన దాకా అందరూ మీతో మాటలు మొదలుపెడతారు. పిల్లలకు మీరు ఎలాగూ లావ్‌షీ అవుతారు, ప్రతి టీచరునూ అలాగే పిలుస్తారు. సెప్టెంబర్ 10 అక్కడ టీచర్స్ డే. చేరిన కొద్ది రోజులకే వస్తుంది, మీ బల్ల మీద పూలు ఉంటే ఆశ్చర్యపోకండి.

సంతకం పెట్టే ముందు వైబాన్‌ను ఈమెయిల్‌లో ఇవి అడగండి, జవాబులు రాతలో తీసుకోండి. వారానికి ఎన్ని పీరియడ్లు, అంతకు మించితే పీరియడ్‌కు ఎంత ఇస్తారు. ఏయే కోర్సులు, ఒక సెక్షన్‌లో ఎంతమంది, చైనా విద్యార్థులా విదేశీ విద్యార్థులా. చెప్పిన జీతం పన్నుకు ముందా తర్వాతా, సెలవుల నెలల్లో కూడా వస్తుందా. ఇల్లు ఇస్తారా, అద్దె డబ్బు ఇస్తారా, కుటుంబానికి సరిపోతుందా. విమాన ఖర్చు మీకొక్కరికేనా. పరిశోధన పత్రాల కోటా ఏమైనా ఉందా, ఉంటే అందకపోతే ఏమవుతుంది. పన్ను కట్టిన కాగితాలు ప్రతి నెలా భద్రపరచండి, జీతాన్ని రూపాయలుగా ఇంటికి పంపడానికి బ్యాంకు అవే అడుగుతుంది. చేస్తున్న ఉద్యోగానికి రాజీనామా మాత్రం వర్క్ పర్మిట్ నోటిఫికేషన్ చేతికి వచ్చాకే ఇవ్వండి. వీలైతే రాజీనామా కాకుండా సెలవు అడిగి చూడండి. ఆఫర్ లెటర్‌లో పైవాటిలో ఏ మాటైనా అర్థం కాకపోతే పేర్లు తీసేసి ఆ భాగం ఇక్కడ పెట్టండి, చదివి చెబుతాను.